పులికి దారి యెవరు విడువవలెను?

అత్తసొమ్ము అల్లుఁడు ధారపోసినట్లని మనవారు పరిహాసమునకుఁ జెప్పుదురు. ఆ సామెతలో నొక ధర్మసూక్ష్మము గలదు. తనది కానిదానిని దానమిచ్చినవానికిఁ బుణ్యము గలదా? ఈ ప్రశ్నను నేను పులుల విషయమున నడుగఁదలఁచితిని.

మా రామంతాపురమునుండి తార్నాకకుఁ బోవునపుడు హబ్సీగూడలో సీసీఎంబీ పరిశోధనాలయము కానవచ్చును. అత్తాపురమునందలి దాని శాఖవారును, జంతుప్రదర్శనశాలవారును గలసి 2010లో మూషికజింకలను పెంపఁ బూని, 2017లోఁ గొన్నిటిని అమ్రాబాదు అడవిలో విడిచిరి. పులి నట్లు పెంచి విడుచుట సుకరము కాదు. దానికి దారి కావలెను. అడవి తునుకలైనచో నందలి మృగములు తమ రక్తబంధువులతోనే జతకూడును, సంతతి క్షీణించును. మేనరికపు దోషములఁ జర్చించు మన యిండ్లలో దీనిని విప్పి చెప్పనక్కఱలేదు.

కవ్వాల అడవి 2012లోఁ బులుల రక్షితస్థలమయ్యెను. మహారాష్ట్రమందలి తాడోబానుండి పులు లచ్చటికి రావలయునన్న ఆసిఫాబాదు, కాగజ్‌నగరముల మీఁదుగా రావలెను. నడుమఁ బ్రత్తిచేలు, పోడుభూములు, కాజీపేట బల్లార్షా రైలుమార్గము. 2024 జనవరిలో నచ్చట రెండు పులులు చచ్చిపడియుండెను. విషప్రయోగమని నేరవిచారణ జరిగెను. ఆ నవంబరులోనే ప్రత్తిచేనఁ బనిచేయుచున్న యువతి యొకతె పులివాతఁ బడి మరణించెను.

2025 మే 30న ప్రభుత్వమీ దారిని సంరక్షణస్థలముగాఁ బ్రకటించి కుమురం భీం పేరు పెట్టెను. జలము, అడవి, భూమి తమవని నిజాముపైఁ బోరి 1940లో మడిసిన గోండువీరుని పేరది! ఆ పేరితోడనే తమ భూములు పోవునేమోయని ఆదివాసులు భయపడి యడ్డుపడిరి. జూలైలో నా యాజ్ఞను నిలిపివేసిరి.

ఈ వార్త చదివి తార్నాకలోని నా మిత్రుఁ డొకఁడు, "వారికి బుద్ధి చెప్పువారే లేరా?" యని విసుగుకొనెను. నేనును లోలోపల నాయన పక్షమే, పిదప సిగ్గుపడితిని. ఆయన కున్నది రెండువందల గజముల స్థలము. అందొక యడుగైన నెవ్వరును పులికొఱ కడుగలేదు.

దారి యుండవలసినదే. పెంచ్ అడవిలో 44వ జాతీయరహదారిని స్తంభములపై నెత్తి, క్రింద మృగములకుఁ ద్రోవలు విడిచిరి. పులులు వానిలో నడచుచున్నవి. ఆ వ్యయము ప్రజలందఱి బొక్కసముది. ఇచ్చటను 2006 నాఁటి యటవీహక్కుల చట్టము ప్రకారము మొదట వారి హక్కులు తేల్చి, గ్రామసభ నడిగి, చచ్చిన పశువుకు వెల యా వారముననే చెల్లించినచో వారి భయము కొంత తీఱును. దానికిఁ బట్టణవాసులు పన్ను కట్టవలెను.

ఈ మాటయే మిత్రునితో నంటిని. ఆయన కాఫీ చల్లారుచున్నదనెను.