నక్షత్రం కట్టని ఇల్లు

దివిసీమలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పల్లెలో ఒక తల్లి ఉండేది. ఆమెకు ఇద్దరు కొడుకులు. డిసెంబరు వస్తే చాలు, వాళ్లిద్దరూ వెదురు బద్దలు చీల్చి, మైదాపిండి ఉడికించిన జిగురుతో రంగు కాగితాలు అంటించి నక్షత్రం చేసేవాళ్లు. పొడుగాటి గెడకు కట్టి, ఊళ్లో అన్నిటికన్నా ఎత్తులో ఉండాలని పోటీపడి ఇంటి ముందు నిలబెట్టేవాళ్లు.

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. సముద్రం దివిసీమ పల్లెల్ని ఊడ్చేసింది. సర్కారు లెక్కలోనే దాదాపు 10,000 మంది పోయారు. ఆ తల్లి ఒక తుమ్మచెట్టును కరుచుకుని రాత్రంతా వేలాడి బతికింది. తెల్లారేసరికి ఆమె అరచేతుల నిండా ముళ్లున్నాయి. కొడుకులు లేరు.

ఆ ఏడు క్రిస్మస్ ఐదు వారాలకే వచ్చింది. ఎవరూ నక్షత్రం కట్టలేదు. ఊరంతా గుడారాల్లోనే ఉంది, అందరిదీ ఒకటే ఏడుపు. గంజి కోసం వరసలో నిలబడినప్పుడు ఎందుకు ఏడుస్తున్నావని ఎవరూ ఎవరినీ అడగలేదు. నిజానికి ఆ మొదటి పండగ ఆమెకు ఎలాగో గడిచిపోయింది.

కష్టమంతా రెండో ఏడు. పోయినవాళ్లున్న ఇళ్లన్నిటికీ ఇంతేనని నా నమ్మకం. అప్పటికి పాకలు లేచాయి. కొన్ని ఇళ్లలో పసిబిడ్డలు పుట్టారు. కుర్రాళ్లు మళ్లీ డోలకూ కంజిరా సంపాదించి, పెట్రోమాక్సు లైటు పట్టుకుని రాత్రిళ్లు కేరల్స్‌కి బయల్దేరారు. మన వైపు కీడు జరిగిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా పండగ చేయరు. ప్రార్థన చేసుకునే ఇళ్లలోనూ చాలాచోట్ల ఇదే పద్ధతి. ఏడాది తిరిగిపోయినా, ఈసారి కూడా తనకు పండగ లేదని ఆమె కబురు పంపింది. కుర్రాళ్లు ఆ మాట మన్నించారు. ఆమె సందు మొదట్లోనే డోలకు ఆపి, చప్పుడు చేయకుండా ఆమె గుమ్మం దాటి, అవతలి ఇంటి ముందు మళ్లీ పాట ఎత్తుకున్నారు. చీకట్లో కూర్చుని ఆమె ఆ అడుగుల చప్పుడంతా విన్నది. తాను అడిగిందే అది. అయినా దేవుడు కూడా వాళ్లతోపాటే తన ఇల్లు దాటి వెళ్లిపోయాడని ఆమెకు అనిపించింది.

కుర్రాళ్ల వెనకాల సంఘంలోని ముసలి ఉపదేశి నడుస్తున్నాడు. మోకాళ్ల నొప్పులతో బాగా వెనకబడ్డాడు. ఆయన ఆ ఇల్లు దాటలేదు. వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఆయన భార్యా కోడలూ కూడా ఆ ఉప్పెనలోనే పోయారు. ఆదరణ మాటలేవీ చెప్పకుండా చంకలోని బైబిలు తీశాడు. అది ఉప్పునీళ్లలో నాని, ఎండలో ఆరి, రెండింతలు ఉబ్బి, అట్ట మూతపడకుండా ఉంది. లాంతరు దగ్గరికి జరుపుకుని మత్తయి సువార్త రెండో అధ్యాయం చదవడం మొదలుపెట్టాడు.

అదంతా ఆమె చిన్నప్పట్నించీ వింటున్నదే. తూర్పు దేశపు జ్ఞానులు, నక్షత్రం, బంగారం, సాంబ్రాణి, బోళం. ఆ సంఘంలో ప్రతి క్రిస్మస్‌కీ అక్కడికి వచ్చాక పుస్తకం మూసేసేవాళ్లు. ముసలాయన మూయలేదు. అంటుకుపోయిన పుటను గోటితో నెమ్మదిగా విడదీసి ముందుకు చదివాడు. శిశువును ఎత్తుకుని యోసేపు, మరియ రాత్రికి రాత్రే ఐగుప్తుకు పారిపోవడం చదివాడు. హేరోదు మనుషుల్ని పంపి బేత్లెహేములో రెండేళ్లలోపు మగపిల్లల్ని చంపించడం చదివాడు. రామాలో రాహేలు తన పిల్లల కోసం ఏడవడం, ఎవరు ఓదార్చినా ఊరుకోకపోవడం చదివాడు.

ఆమె లేచి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. ఈ తల్లుల సంగతి ఆమెకు అంతవరకు ఎవరూ చెప్పలేదు.

రాహేలు ఏడుపు మాటను మత్తయి యిర్మీయా గ్రంథంలోంచి తెచ్చుకున్నాడు. ముసలాయనకు అది తెలుసు. పుటలు వెనక్కి తిప్పి, ముప్పై ఒకటో అధ్యాయం తీసి, ఆ ఏడుపు తర్వాత ఉన్న రెండు వచనాలూ చదివాడు. పిల్లలు శత్రువు దేశం నుంచి తిరిగి వస్తారని, రాబోయే కాలానికి నిరీక్షణ ఉందని దేవుడు ఆ తల్లికి మాట ఇచ్చిన చోటు అది. చదవడం అయ్యాక బైబిలు చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ రాత్రి ఆమె కొడుకుల్ని పేర్లు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. తెల్లవారి పాత చీరతోనే ఆరాధనకు వెళ్లి, అందరికన్నా వెనక చాప మీద కూర్చుంది. ఇంటికి నక్షత్రం కట్టలేదు. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు కట్టలేదు.

మరుసటి డిసెంబరులో ఆమె కూడా కేరల్స్‌కి బయల్దేరింది. ముందు ఏ ఇంటికి వెళ్లాలో తనే చెప్పింది. అక్టోబరులో మొగుడు పోయి, ఈ ఏడు మాకు పండగ లేదని చెప్పిన ఒక చిన్నదాని ఇల్లు అది. సందు మొదట్లోనే డోలకు దింపించింది. కుర్రాళ్లను అరుగు మీద కూర్చోబెట్టి మెల్లగా ఒక్క పాట పాడించింది. తాను లోపలికి వెళ్లి ఆ పిల్ల పక్కన కూర్చుని, పాట అయిపోయాక కూడా చాలాసేపు లేవలేదు.

నీతి: పండగ పూట చీకట్లో కూర్చున్నవాళ్లు క్రిస్మస్‌కు వెలుపల లేరు, ఎందుకంటే వాళ్ల ఏడుపును సువార్త తన మొదటి పుటల్లోనే రాసిపెట్టుకుంది. హేరోదు కత్తికి దొరక్కుండా పెరిగిన ఆ శిశువు సిలువ మీద చనిపోయి సమాధిలోంచి లేచాడు గనుక, పోయినవాళ్లను మళ్లీ చూస్తామన్న నిరీక్షణను కన్నీళ్లు ఆరకముందే పట్టుకోవచ్చు. ఈ డిసెంబరులో మీ సంఘంలో నక్షత్రం కట్టని ఇల్లు ఏదో మీకు తెలిసే ఉంటుంది, కేరల్స్ ఆ ఇంటి నుంచే మొదలుపెట్టండి.