వండిన చెయ్యి, రాసిన చెయ్యి

నవల రాయడం కంటే వంటల పుస్తకం రాయడం తేలికని ఎవరైనా అంటే నమ్మకండి. నవలలో నాయకుడు ఉప్పూ కారం లేని మాటలు ఎన్ని మాట్లాడినా పాఠకులు క్షమిస్తారు. వంటల పుస్తకంలో ఒక్క ఉప్పు మరిచిపోతే ఇంటిల్లిపాదీ ముఖాలు ముడుచుకుంటారు. ఆ తిట్లు సరాసరి రచయిత్రికే వచ్చి తగులుతాయి.

పోయిన మార్చిలో మా ఇల్లు నాలుగు రోజులపాటు ఫోటో స్టూడియో అయిపోయింది. పుస్తకం రాత పూర్తయింది. మొత్తం 112 వంటకాలు. ఇక ఫోటోలు తీయించి, ప్రూఫులు దిద్ది, అచ్చుకి పంపేస్తే చేతులు దులుపుకోవచ్చనుకున్నాను. అసలు చిక్కంతా ఆ చివరి పనిలోనే ఉందని అప్పటికి నాకు తెలియదు.

ఆ 112లో నావని చెప్పుకోదగ్గవి పాతికకి మించవు. మిగతావన్నీ పిన్నిగారివి. పిన్నిగారు మా అత్తగారికి దూరపు చుట్టం. పెళ్ళయిన ఆరేళ్ళకే భర్త పోతే, చంటిపిల్లాణ్ణి చంకనేసుకుని మా అత్తవారింటికి వచ్చారట. పేరుకి చుట్టమే గానీ, ముప్ఫై ఏళ్ళు ఆ ఇంట్లో పొయ్యి ఆవిడ చేతి మీదే వెలిగింది. ఊళ్ళో పెళ్ళిళ్ళకీ తద్దినాలకీ కూడా వెళ్ళి వండేవారు. ఆ డబ్బుతోనే కొడుకుని చదివించి ప్రయోజకుణ్ణి చేశారు.

పిన్నిగారి కొలతలు కాగితం మీద పెట్టడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. "చింతపండు ఎంత పిన్నిగారూ?" అంటే "నిమ్మకాయంత." "ఏ నిమ్మకాయంత?" అంటే ఆవిడకి నవ్వు. ఆవపిండి సంగతి అడిగితే "ముక్కుకి తెలియదుటే అమ్మాయ్?" అనేవారు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ అనే లెక్కలు ఆవిడకి కంఠతా వచ్చు. మన దేశంలో మెట్రిక్ కొలతలకి చట్టం 1956లోనే వచ్చినా, అది ఆవిడ వంటింటి గడప దాటి లోపలికి రాలేదు. ఆఖరికి ఆవిడ గుప్పెట్లోది మూకుట్లో పడకముందే తక్కెట్లో పోయించేదాన్ని. చెప్పొద్దూ, మూడుసార్లు పోయిస్తే మూడుసార్లూ ఒకటి రెండు గ్రాముల తేడా అంతే!

సరే, ఫోటోల సంగతికి వస్తాను. ఫోటోగ్రాఫర్ కుర్రాడు దీపాలూ, గొడుగులూ, రెండు పెట్టెల సరంజామాతో దిగాడు. పెట్టెల్లో కుంచెలు, చిమటాలు, ఒక గ్లిజరిన్ సీసా ఉన్నాయి. అది చూసి పిన్నిగారు "ఎవరికి నాయనా ఒంట్లో బాగాలేదు?" అని అడిగారు.

మొదటి రోజు గుత్తివంకాయ. "పూర్తిగా ఉడికితే రంగు పోతుందండీ, సగంలో దింపెయ్యండి" అన్నాడు అబ్బాయి. సగం ఉడికిన కాయలకి కుంచెతో నూనె పూశాడు. కొత్తిమీర మీద గ్లిజరిన్ కలిపిన నీళ్ళు చుక్కలు చుక్కలుగా చల్లాడు. అవి ఎంతసేపైనా ఆరిపోవట. గిన్నె వెనకాల వేడి చేసిన తడి దూది దాచి పొగ రప్పించాడు. ఫోటో మాత్రం అద్భుతంగా వచ్చింది. పిన్నిగారు ఆ వంకాయల వంకా, నా వంకా చూసి, "ఎవరూ తినని వంట ఇంతవరకూ నా చేత్తో చెయ్యలేదమ్మాయ్" అన్నారు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఇందులో తప్పేముంది అని మొదట సర్దిచెప్పుకున్నాను. పెళ్ళిచూపులనాడు పిల్లకి పౌడరు రాయమా? ఫోటోకి వాసన లేదు, వేడి లేదు. ఆ లోటు కంటికి కాస్త మెరుపు చూపించి తీరుస్తున్నాం, అంతే కదా అనుకున్నాను. కానీ ఆ రాత్రి నాకు అమెరికాలో జరిగిన సంగతొకటి గుర్తొచ్చింది. 1960లలో క్యాంప్‌బెల్ సూప్ కంపెనీ ప్రకటనల కోసం ఫోటోలు తీసేటప్పుడు గిన్నె అడుగున గాజు గోళీలు వేశారు. కూరగాయ ముక్కలు పైకి తేలి, సూపంతా ముక్కలే అనిపించేలా. అక్కడి ప్రభుత్వ వాణిజ్య సంఘం దాన్ని పట్టుకుని అభ్యంతరం చెప్పింది. 1970లో ఇక అలాంటివి చెయ్యమని కంపెనీ ఒప్పుకోవలసి వచ్చింది. గోళీలు ఎవరి పంటి కిందా పడలేదు, ఎవరికీ హాని జరగలేదు. అయినా అబద్ధం అబద్ధమే. గిన్నెలో లేనిది ఉందని చెప్పడం కదా అది.

మర్నాడు అబ్బాయికి ఒక్క షరతు పెట్టాను. పుస్తకంలో రాసినట్టు ఓ ఇల్లాలు వండితే ఆవిడ గిన్నెలో ఏం కనబడుతుందో ఫోటోలోనూ అదే కనబడాలి. గిన్నె ఏ కిటికీ పక్కన పెట్టినా, ఏ పళ్ళెంలో వడ్డించినా నాకు అభ్యంతరం లేదు. పచ్చి వంకాయని పండిన కూరగా చూపించడం మాత్రం వద్దు. పాపం, నా పుస్తకం చూసి వండి, రంగు అలా రాలేదని తన చేతినే తిట్టుకునే కొత్త కోడలు ఒకర్తె ఎక్కడో ఉంటుంది కదా! అబ్బాయి గొణుక్కుంటూనే గ్లిజరిన్ సీసా మూత పెట్టాడు. ఫోటోలు కాస్త నల్లబడ్డాయి. పర్వాలేదు, కూర ఉడికితే నల్లబడుతుంది.

ఇంత సత్యసంధత చూపించి నాలో నేనే మురిసిపోతున్నాను. మూడో రోజు పనసపొట్టు కూర వంతు వచ్చింది. ఆవ పెట్టి, ఎండుమిరపకాయల పోపు వేసి, పళ్ళెంలో సర్దాం. అంచు మీద పడిన మిరపకాయ ముక్కని తియ్యబోయి పిన్నిగారు చెయ్యి పెట్టారు. సరిగ్గా అప్పుడే కెమెరా క్లిక్కుమంది. తెర మీద చూస్తే పళ్ళెం పక్కన ఆ చెయ్యి ఉంది. గోళ్ళలో పసుపు, మణికట్టు మీద పాత నూనె మచ్చలు నాలుగైదు, గాజులు లేవు. "చెయ్యి తీసెయ్యనా మేడం? కంప్యూటర్లో రెండు నిమిషాల పని" అన్నాడు అబ్బాయి.

నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే ఆ రెండు నిమిషాల పని నేను ఏడాదిన్నర ముందే చేసేశాను. అట్ట మీద వేయించిన పేరు నాది ఒక్కదానిదే. వంకాయకి పూసిన నూనె గురించి అంత బాధపడినదాన్ని, అట్ట మీద నా గాజుగోళీని చూసుకోలేదు.

ఇది నా ఒక్కదాని పాపం కాదు లెండి. ఇంగ్లండులో 1861లో వచ్చిన మిసెస్ బీటన్ గృహనిర్వహణ గ్రంథం మొదటి ఏడాదే 60 వేల ప్రతులు అమ్ముడుపోయిందంటారు. అందులో వంటకాలు చాలావరకు ఇతరులవే. 1845లో ఎలైజా ఆక్టన్ అనే ఆవిడ ఎంతో శ్రమపడి, దినుసులూ కొలతలూ విడిగా రాసి వేసిన పుస్తకం నుంచి కూడా ఎన్నో ఎత్తి రాసుకున్నారు. పేరు మాత్రం బీటన్‌దే నిలిచింది. అయితే ఒక్కటి ఒప్పుకోవాలి. ఆ పుస్తకం మొదటి పుటలో బీటన్‌ని సంపాదకురాలనే వేశారు. నేనైతే "రచన" అని వేయించుకున్నాను!

మన పక్కన మద్రాసులో మీనాక్షి అమ్మాళ్ సంగతి చూడండి. చిన్న వయసులోనే భర్త పోయినావిడ. తన చేతి వంటని తానే రాసి 1951లో "సమైత్తు పార్" అని తమిళంలో ప్రచురించుకుంది. వండిన చెయ్యీ రాసిన చెయ్యీ ఒక్కటైన అదృష్టం అది. మన ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరికి పేరొచ్చినందుకు సంతోషించాం. కానీ బోర్లించిన కుండ మీద తడిగుడ్డతో మొట్టమొదట ఆ పల్చటి రేకు తీసిన ఇల్లాలెవరో ఎవరు చెప్పగలరు?

అంచేత ఆ సాయంత్రం పిన్నిగారి దగ్గర కూర్చుని, "పుస్తకం మీద మీ పేరు కూడా వేయిస్తాను పిన్నిగారూ, నా పేరు కంటే ముందు" అన్నాను. కళ్ళనీళ్ళు పెట్టుకుంటారని, నన్ను దీవిస్తారని ఊహించుకున్నాను కాబోలు. ఆవిడ ఏమీ అనలేదు. దీపం పెట్టి వచ్చి, అప్పుడు చెప్పారు.

"వద్దమ్మాయ్. అబ్బాయికి నామోషీ."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ వంట డబ్బుతో చదువుకున్నవాడికి ఆ వంటంటే నామోషీయా అన్నాను. ఆవిడ నా వంక నిదానంగా చూశారు.

"వాడు నన్ను బాగానే చూసుకుంటాడే. కోపం తెచ్చుకోకు. చిన్నప్పుడు ఒక పెళ్ళిలో నేను వడ్డిస్తుంటే, పంక్తిలో వాడి పక్కన కూర్చున్న పిల్లలు 'మీ అమ్మే కదరా వంటమనిషి' అని నవ్వారు. వాడు తినకుండా లేచిపోయాడు. అది నువ్వు చూడలేదు, నేను చూశాను. అత్తవారివైపు వాళ్ళకి వాడు ఇవన్నీ చెప్పుకోలేదు. ఇప్పుడు అచ్చేసి మరీ చెప్పాలా?"

ఆ రాత్రంతా ఆలోచించాను. నిజం చెప్పడం ధర్మమే. కానీ ఈ నిజం ఎవరిది? పేరు ఆవిడది. ఆవిడ వద్దంటున్నా వేస్తే నా మనసు తేలికపడుతుంది. ఆ బరువు మాత్రం ఆవిడ నెత్తికెక్కుతుంది. నా పాపం కడుక్కోవడానికి ఆవిడ నీళ్ళు వాడుకున్నట్టే. పోనీ వెయ్యకుండా ఊరుకుంటే? పాఠకులు అంతా నా గొప్పే అనుకుంటారు. అదీ దొంగతనమే.

తెల్లవారేసరికి నాకు ఒకటి తోచింది. ఇది నాది అని అబద్ధం చెప్పకుండా ఉండటం వేరు, ఇది ఫలానావారిది అని బయటపెట్టడం వేరు. మొదటిది నా బాధ్యత. రెండోది ఆవిడ ఇష్టం. నా బాధ్యత నెరవేర్చడానికి ఆవిడ రహస్యం అమ్ముకోనక్కర్లేదు.

ప్రచురణకర్తకి ఫోన్ చేసి అట్ట మీద "రచన" తీసి "సేకరణ" అని వెయ్యమన్నాను. ఈ వంటకాల్లో అధికభాగం పేరు చెప్పుకోవడానికి ఇష్టపడని ఒక తల్లి చేతివి అని మొదట్లో ఒక పేజీ కావాలన్నాను. "ఫారానికి పదహారు పేజీలు లెక్కమ్మా, ఒక పేజీ పెరగాలంటే ఒక పేజీ తగ్గాలి" అన్నారాయన. నా బ్రెడ్ హల్వా తీసెయ్యమన్నాను. 112 కాస్తా 111 అయింది. దాని మూలంగా తెలుగుజాతికి నష్టమేమీ లేదు.

వచ్చే డబ్బులో ముప్పాతిక ఆవిడదే అన్నాను. దానికి మాత్రం వద్దనలేదు. "కష్టం చేశాను, తీసుకుంటాను" అన్నారు. ఎంత హాయిగా అన్నారో! వంటకి డబ్బు తీసుకోవడంలో ఆవిడకి ఏనాడూ నామోషీ లేదు. నామోషీ అంతా మనం అంటించినదే. ఆ పంక్తిలో నవ్విన పిల్లలకి ఆ మాట ఎవరు నేర్పారు? లొట్టలేసుకుంటూ తిని, "వంటమనిషి" అని పక్కకి తిరిగి చెప్పుకున్న పెద్దవాళ్ళమే. పేరు వద్దనడం ఆవిడ ఇష్టమేనని పైన రాశాను. నిజమే గానీ, ఆ ఇష్టం వెనక మన నవ్వు ఉంది. అంచేత నేను చేసింది న్యాయమేనని ఈనాటికీ గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పలేను. అంతకంటే మంచి దారి మాత్రం నాకు కనబడలేదు. మీకేదైనా తోస్తే చెప్పండి.

ఇది రాస్తున్నానని ఆవిడకి చెప్పాను. చదివి వినిపించాను. ఎవరూ పోల్చుకోకుండా రెండు మూడు వివరాలు మార్చమన్నారు, మార్చాను.

చెయ్యి మాటేమిటంటారా? అడిగితే "చెయ్యి ఉండనీ, చెయ్యిని చూసి ఎవరు పోలుస్తారు?" అన్నారు. పనసపొట్టు కూర పక్కన అది అలాగే ఉంది.

రంగుల ప్రూఫులు వచ్చిన రోజున పులిహోర చూసి "ఇదేమిటే, నాచు పట్టినట్టుంది" అన్నారు. ప్రెస్సు వాళ్ళని అడిగితే నీలం కాస్త ఎక్కువ పడిందనీ, పసుపులో నీలం కలిస్తే పచ్చదనం వస్తుందనీ చెప్పి సరిచేశారు. మిగిలింది అక్షరాల ప్రూఫు. నాలుగుసార్లు దిద్దాను, ఇద్దరు చేత దిద్దించాను. ఇక పంపేద్దాం అనుకుంటూ, ఊరికే కాలక్షేపానికి ఆవిడకి పైకి చదువుతున్నాను. కళ్ళు మూసుకుని, వేళ్ళు కదుపుతూ వింటున్నారు, మనసులో వండుకుంటున్నట్టు. ముక్కల పులుసు దగ్గరికొచ్చి, పోపు పెట్టి, కొత్తిమీర వేసి, దింపేశాను.

పిన్నిగారు కళ్ళు తెరిచారు.

"ఉప్పెప్పుడు వేశావే?"