లోకం తప్పా, గడియారం తప్పా

2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టి పోయాక, రోజుల తరబడి కరెంటు లేదు. వచ్చాక కాశీబుగ్గలో మా నెట్ సెంటర్‌లోని పాత డెస్క్‌టాప్ 2009 జనవరిలో నిద్ర లేచింది. మదర్‌బోర్డు మీది సీఆర్ 2032 బటన్ బ్యాటరీ అయిపోతే అంతే. ఆ తేదీతో ఏ సైటు తెరవబోయినా "సురక్షితం కాదు" అని తోసేస్తుంది. దాని లెక్కలో ఆ సైట్ల సర్టిఫికెట్లు ఇంకా పుట్టనే లేదు మరి. బతికున్నట్టు పింఛను సర్టిఫికెట్ కోసం వచ్చిన రిటైర్డ్ తెలుగు మాస్టారు తెర చూసి నవ్వారు.

"ఏటి బాబూ, తప్పు తన దగ్గిరెట్టుకొని లోకమంతా అబద్దమంటంది!"

భ్రాంతిలో ఉన్నవాడు తన భ్రాంతిని తానే దిద్దుకోగలడా? తనను తానే ఉద్ధరించుకోవాలని గీత ఆరో అధ్యాయం. గురువు లేనిదే కాదని మాస్టారు. యంత్రం ఆయన వైపే సాక్ష్యం చెప్పింది. విండోస్ నెట్ నుంచి టైము తెచ్చుకుంటుంది గానీ, తేడా పదిహేను గంటలు దాటితే మామూలు సిస్టమ్ తనంతట తాను సర్దుకోదు. అంత తేడా చూస్తే సరైన టైమునే అనుమానిస్తుంది.

ఇక చెయ్యి పడాల్సిందే. విండోస్ మీట, ఐ కలిపి నొక్కితే సెట్టింగ్స్. అందులో టైమ్ అండ్ లాంగ్వేజ్, ఆపైన డేట్ అండ్ టైమ్. పేజీ ఎవరికైనా తెరుచుకుంటుంది. మామూలు ఖాతా నుంచి మార్చబోతేనే అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడుగుతుంది. శాస్త్రం చదివిన చాలామంది ఆ గడప దగ్గరే ఆగిపోయారని నా అనుమానం, మాస్టారితో అనలేదు.

అయినా నేను పూర్తిగా ఒప్పుకోలేదు. చెయ్యి బయటిదే, సెట్టింగ్స్ మాత్రం సిస్టమ్ లోపలివే. దిద్దుకునే చోటు లోపల లేకపోతే ఏ గురువు మాత్రం ఏం చేస్తాడు?

"మరి టెక్కలి దగ్గర రావివలస ఎండల మల్లన్న?" అన్నారాయన. అక్కడ లింగానికి కప్పు లేదు. గుడి కడదామన్నా స్వామి ఒప్పుకోలేదని జనం మాట. "ఆయన సెట్టింగు ఎవులు మారుస్తారు?"

జవాబు తోచక తేదీ మార్చాను. సైటు తెరుచుకుంది, మాస్టారు వేలిముద్ర వేశారు. అభ్యాసం సంగతి కూడా ఆ ఆరో అధ్యాయంలోనే ఉంది కదా, రోజూ ఇలా దిద్దుకుంటే చాలదా అన్నాను.

"రేపు కరెంటు పోతే మళ్లీ 2009కే పోతాది. ముందు ఆ బ్యాటరీ మార్చు."