వేడి ఎవరి వాటా?

చిప్‌ని చల్లబరుస్తున్నాం అంటాం గానీ, నిజానికి చేసేది వేడిని పక్కకి తొయ్యడం. మరి ఆ పక్కన ఎవరున్నారు?

రాస్ప్‌బెర్రీ పై 4తో ఇంట్లో తయారుచేసుకునే చేతి గేమ్ కన్సోల్‌నే తీసుకోండి. 80 డిగ్రీలకి చేరితే చిప్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. ఆట నత్తనడక పడుతుంది. అందుకని హీట్‌సింక్ అతికించి, దాన్ని అల్యూమినియం పెట్టెకి ఆనిస్తాం. చిప్ కుదుటపడుతుంది, వేడి అరచేతుల్లోకొస్తుంది. సిలికాన్‌కి 60 డిగ్రీలు లెక్కే కాదు. చర్మం 45 దగ్గరే చాలంటుంది. సరే, ఫ్యాన్ పెడదాం. అంత చిన్న పెట్టెలో గాలికి దారేది? చాలాసార్లు లిథియం బ్యాటరీ మీదుగానే.

నా పేచీ ఇక్కడే. చిప్‌లో సెన్సర్ ఉంది, డిగ్రీలు చెప్తుంది. చేతులున్న మనిషికి నోరుంది. ఇంట్లో కట్టిన పెట్టెల్లో బ్యాటరీకి చాలావరకు ఆ రెండూ ఉండవు. వేడికి అది తొందరగా ముసలిదవుతుంది, ఒక్కోసారి ఉబ్బుతుంది. ఈ సాయంత్రం ఆటలో మాత్రం ఏమీ తెలీదు. ఫిర్యాదు చెయ్యగలిగినవాళ్ళ మధ్య వేడిని పంచి, దాన్నే న్యాయం అనుకుంటున్నామా? (మీ ఏసీ బయటి యూనిట్ ఎవరి కిటికీ వైపుందో ఓసారి చూడండి.) ఆ పెట్టె ఏ పిల్లాడి చేతికో ఇస్తున్నప్పుడు ఇది ఉత్త తర్కం కాదు.

అసలు వేడి పుట్టడమే తగ్గించొచ్చు. గరిష్ఠ వేగాన్ని 1200 మెగాహెర్ట్జ్‌కి దించినా సూపర్ నింటెండో ఆటలు హాయిగా నడుస్తాయి. దీన్ని ఓటమి అనేవాళ్ళున్నారు, నాకలా అనిపించదు. నింటెండో 64 ఆటలు కొన్నిటికి మాత్రం అది చాలదు. అవే కావాలంటే చిప్‌కీ బ్యాటరీకీ మధ్య అడ్డుగోడ కట్టి, గాలికి వేరే దారి తియ్యాలి. పెట్టె లావవుతుంది, జేబులో పట్టదు.