ఆత్మగౌరవం ఒంటరి సాధనా?

మనిషి తనను తానే ఉద్ధరించుకోవాలనీ, తనకు తానే మిత్రుడూ శత్రువూ అవుతాడనీ భగవద్గీత ఆరవ అధ్యాయం బోధిస్తుంది. ధర్మజీవనంలో సగభాగం సన్మిత్రుల సాంగత్యమేనన్న తన శిష్యుడు ఆనందుణ్ణి బుద్ధుడు సరిదిద్ది, సగం కాదు, అంతా అదేనని చెప్పినట్లు బౌద్ధ గ్రంథమైన సంయుత్త నికాయం తెలుపుతుంది. విరుద్ధంగా తోచే ఈ రెండు బోధలలో ఏది నిజమన్న ప్రశ్న నేటి కళాశాల విద్యార్థికి జీవన్మరణ సమస్యగా మారింది.

ఆత్మగౌరవం అంటే తన విలువను గూర్చి తనకున్న అంచనా. మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1890లో దీన్ని ఒక భిన్నం రూపంలో చూపి, సాధించినదాన్ని లవంగానూ ఆశించినదాన్ని హారంగానూ నిలిపాడు; అయితే ఇంటర్మీడియట్‌లో చేరిన నాడే ఐఐటీ, నీట్ ర్యాంకులను పెద్దలు లక్ష్యంగా నిర్ణయించే తెలుగు నేలపై ఆ హారం విద్యార్థి చేతిలో ఉండడం అరుదు. 1965లో ఆత్మగౌరవానికి పది వాక్యాల కొలమానాన్ని రూపొందించిన మోరిస్ రోజెన్‌బర్గ్ దృష్టిలో అది ఇతరులకన్నా గొప్పవాణ్ణన్న భావన కాదు, తాను తగినవాణ్ణేనన్న నిబ్బరం. ర్యాంకుల పట్టిక పోలికను మాత్రమే చూపగలదు కనుక ఈ నిబ్బరాన్ని ఎన్నటికీ ఇవ్వలేదు.

ఆ నిబ్బరానికి భావోద్వేగాలను అర్థం చేసుకొనే శక్తి తోడు కావాలి. తనలోనూ ఎదుటివారిలోనూ కలిగే భావోద్వేగాలను గుర్తించి, వేరుపరచి, ఆలోచనకూ ఆచరణకూ దారిచూపేలా వినియోగించుకొనే శక్తిని మనస్తత్వవేత్తలు సాలోవే, మేయర్ 1990లో భావోద్వేగ ప్రజ్ఞగా నిర్వచించారు. ఆ శక్తి ఒకరికి ఎలా తిరిగి వస్తుందో అర్జునుడి విషాదం చూపుతుంది. ఆరితేరిన విలుకాడైన అతనికి నైపుణ్యం కొరవడలేదు, అయినా గాండీవం చేజారింది. కృష్ణుడు మొదట పిరికితనం తగదని మందలించాడు. ఆ మందలింపు పనిచేయలేదు, యుద్ధం చేయనని అర్జునుడు మౌనం వహించాడు. ఆ తర్వాతనే ప్రశ్నకు చోటిచ్చే, సందేహాన్ని అవమానించని సుదీర్ఘ సంభాషణ మొదలైంది. గీతను చదివేవారు ఈ క్రమాన్ని తగినంతగా గమనించరు. తనను తాను ఉద్ధరించుకోమన్న బోధ సైతం అర్జునుడి రథంపైనే ఉన్న సఖుడు కృష్ణుడి నోట వెలువడింది కాబట్టి, స్వయంకృషికీ సన్మిత్రుడికీ మధ్య నిజానికి వైరుధ్యం లేదు.

అలా మాట వినే తోడు నేటి విద్యార్థికీ అవసరమే. విశాఖపట్నంలో ఒక నీట్ విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో, వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హత గల కౌన్సెలర్‌నో, మనస్తత్వ నిపుణుడినో, సామాజిక కార్యకర్తనో నియమించుకోవాలని సుప్రీంకోర్టు 2025 జులైలో ఆదేశించింది. ధైర్యంగా ఉండమని విద్యార్థికి హితవు చెప్పి, అతని మాట వినే మనిషిని మాత్రం నియమించని కళాశాల తన ధర్మాన్ని నెరవేర్చినట్లు కాదు.