పొరుగువాని ఆకాశము



ఖర్చు లేని సరదాలు లోకములో కొన్నే ఉన్నాయి. రాత్రిపూట మేడ మీదికి వెళ్లి, తల పైకెత్తి చుక్కలను చూడటము వాటిలో ఒకటి. మన తెలుగువారు స్థిరపడిన బెంగుళూరు, చెన్నై, షోలాపూరు, బరంపురము వంటి ఊళ్లలో కూడా ఈ సరదా గలవారు అక్కడక్కడ కనబడతారు. కొందరి దగ్గర చిన్న టెలిస్కోపు ఉంటుంది, కొందరి దగ్గర దుర్భిణి మాత్రమే. అందరి ఫిర్యాదు మాత్రము ఒక్కటే. ఊరి దీపాల వెలుగులో చుక్కలు కనబడటము లేదు.

ఈ ఫిర్యాదు విని నవ్వేవారు ఉన్నారు. "కరెంటు లేని పల్లెలను చూసినవాళ్లము మనము. వీధి దీపము వచ్చిందని సంతోషించాలి గాని, చుక్కలు పోయాయని ఏడుస్తామా?" అని అంటారు. ఈ మాటలో న్యాయము ఉన్నది. రాత్రి డ్యూటీ ముగించుకొని ఒంటరిగా నడిచివచ్చే నర్సుకు వీధి దీపమే ధైర్యము. కిరసనాయిలు బుడ్డి ముందు కూర్చుని చదువుకున్నవారు కరెంటు దీపాన్ని చిన్నచూపు చూడలేరు. గనుక మన ముందున్న ప్రశ్న వెలుగు మంచిదా, చీకటి మంచిదా అన్నది కాదు. నేను వేసుకున్న దీపము నా వాకిలి దాటి వెళ్లి పొరుగువాని ఆకాశాన్ని కప్పివేస్తే, నేను అతని సొత్తు ఏమైనా తీసుకున్నట్టా, కాదా? ఇదే ప్రశ్న.

మొదట జరుగుతున్నదేమిటో తెలుసుకుందాము. నిజముగా చీకటిగా ఉన్న చోట, చంద్రుడు లేని రాత్రి, మంచి చూపు గలవానికి ఒకేసారి రెండు వేలకు పైగా నక్షత్రాలు కనబడతాయి. పెద్ద నగరము నడిబొడ్డున ఆ లెక్క పదులలోకి దిగిపోతుంది. దీపము వెలగటము వలన వచ్చిన చిక్కు కాదు ఇది. దాని కాంతి అవసరము లేని చోటికి పోవటము వలన వచ్చినది. పైకి, పక్కలకు చిమ్మిన కాంతి గాలికి, అందులోని ధూళికి, తేమకు తగిలి చెదరిపోయి, ఊరి మీద తెల్లని పందిరి వేసినట్టు నిలుస్తుంది. నీలి కాంతి పాలు ఎక్కువగా గల తెల్లని ఎల్.ఇ.డి. దీపాలతో ఇది మరింత ఎక్కువవుతుంది. ఆండ్రోమెడా గెలాక్సీ నుండి బయలుదేరిన వెలుగు సుమారు 25 లక్షల సంవత్సరాలు ప్రయాణము చేసి మన దగ్గరకు వస్తుంది. అంత దూరము చెడకుండా వచ్చినది చివరి కొద్ది కిలోమీటర్లలో మన దీపాల వెలుగులో మునిగిపోతుంది.

2016లో శాస్త్రజ్ఞులు ప్రచురించిన ప్రపంచ పటము ప్రకారము, మానవులలో మూడవ వంతుకు మించినవారు తాము ఉండే చోటు నుండి పాలపుంతను చూడలేరు.

మన ఊళ్లు ఎప్పుడూ ఇలా లేవు. మద్రాసు నుంగంబాకములో 1792లో అబ్జర్వేటరీ కట్టారు. అక్కడ నిలిపిన రాతి స్తంభము మీద చెక్కిన భాషలలో మన తెలుగు కూడా ఉన్నది. 1861లో నార్మన్ పాగ్సన్ మద్రాసు నుండే ఒక చిన్న గ్రహాన్ని కనుగొన్నాడు. దానికి ఆసియా అని పేరు పెట్టారు. విశాఖపట్నములో గోడే వెంకట జగ్గారావుగారు 1840 ప్రాంతములో ఇష్టము కొద్దీ సొంతముగా ఒక వేధశాల ఏర్పాటు చేసుకున్నారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని కొనసాగించి, 1874 డిసెంబరులో శుక్రుడు సూర్యబింబాన్ని దాటటము అక్కడి నుండి గమనించారు. ఈ రోజు నుంగంబాకము గాని, ఆ వేధశాల ఉన్న డాబా గార్డెన్స్ గాని నగరపు దీపాల మధ్యలో ఉన్నాయి. వారు చూసిన నక్షత్రాలు ఎక్కడికీ పోలేదు. అవి కనబడే అవకాశమే పోయినది.

ఇక్కడ ఒక కష్టమైన ప్రశ్న వస్తుంది. పోయినదని తెలియనివానికి నష్టమేమిటి? నగరములో పుట్టిన బిడ్డ పాలపుంతను ఎన్నడూ చూడలేదు. దాని కోసము ఏడవడు, అడగడు. బాధ లేని చోట అన్యాయము ఉన్నదని ఎలా అంటాము?

దీనికి జవాబు మనవంటి వలస కుటుంబాలకు ఇంట్లోనే దొరుకుతుంది. మూడవ తరము బిడ్డకు తెలుగు చదవటము రాకపోతే ఆ బిడ్డకు బాధ ఉండదు. తాతగారి ఉత్తరము చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూసి కింద పెడతాడు. బాధపడేది తాతగారే. అయినా నష్టపోయినది తాతగారు కాదు, ఆ బిడ్డ అని మనకందరికీ తెలుసు. తెలియకుండా జరిగిన నష్టము చిన్నది కాదు. తెలిసిన నష్టాన్ని తిరిగి అడగవచ్చు, తెలియనిదాన్ని అడిగేవారే ఉండరు.

ఈ రెండు నష్టాలు ఒకదానిలో ఒకటి కలిసి కూడా ఉన్నాయి. కృత్తికలను మన పెద్దలు పిల్లలకోడి అనేవారు. తల్లికోడి చుట్టూ పిల్లలు ముసిరినట్టు ఉంటుంది గనుక ఆ పేరు. ఆ గుంపు కనబడని ఊరిలో ఆ మాట బిడ్డకు ఎలా నేర్పుతాము? సండేస్కూలులో అబ్రాహాము కథ చెబుతాము. చేతనైతే నక్షత్రాలను లెక్కపెట్టమని అతనికి చెప్పబడినది. ఆ కథ విన్న బిడ్డ మేడ ఎక్కి, ఇరవై వరకు లెక్కపెట్టి దిగివస్తే, ఆ వాగ్దానము ఎంత పెద్దదో అతనికి ఎలా బోధపడుతుంది?

మరి తప్పు ఎవరిది? ఎవరూ కావాలని ఆకాశాన్ని దొంగిలించలేదు. ప్రతివాడు ఒక్క దీపమే పెట్టాడు. అయితే మైకు పెట్టినవాడు కూడా పొరుగువాని నిద్ర చెడగొట్టాలని పెట్టడు. ఉద్దేశము లేనంత మాత్రాన బాధ్యత తీరదు. సంగతి తెలిసిన రోజు నుండి బాధ్యత మొదలవుతుంది. భద్రత అనే మాట కూడా సరిగా చూడాలి. మనలను కాపాడేది నేల మీద పడే వెలుగు. పైకి పోయే వెలుగు ఏ దొంగనూ పట్టించదు. కళ్లలోకి సూటిగా కొట్టే దీపము వెనుక నిలబడినవాడు మనకు కనబడనే కనబడడు. గనుక పొరుగువాని ఆకాశము కోసము మన భద్రత వదులుకోనక్కరలేదు. వృథాను వదులుకుంటే చాలు.

చీకటిని కాపాడే ప్రయత్నాలు మన దేశములోనూ మొదలయ్యాయి. లడఖ్‌లోని హాన్లే ప్రాంతాన్ని 2022లో చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతముగా ప్రకటించారు. మహారాష్ట్రలోని పెంచ్ పులుల అభయారణ్యానికి 2024 జనవరిలో అటువంటి గుర్తింపు వచ్చింది. ఇవి సంతోషించదగిన పనులు. అయితే అక్కడితో తృప్తిపడితే, రైలు టికెట్టు, హోటలు ఖర్చు భరించగలవారికే నక్షత్రాలు మిగులుతాయి. కూలివాడు, జమీందారు ఒకే విధముగా, పైసా లేకుండా చూసిన వస్తువు ఆకాశము. అది ధనవంతుల యాత్రాస్థలము కాకూడదు.

ఈ విషయములో మేడ మీది టెలిస్కోపు మనుషుల దగ్గర నేర్చుకోదగినది ఉన్నది. వారు ఫిర్యాదు చేసి ఊరుకోరు. మిగిలినదాన్ని శ్రద్ధగా చూస్తారు. నగరపు వెలుగులో కూడా చంద్రుని మీది గుంటలు, గురుగ్రహపు నాలుగు పెద్ద ఉపగ్రహాలు, శనిగ్రహపు వలయాలు, జంట నక్షత్రాలు చిన్న టెలిస్కోపుకు చక్కగా దొరుకుతాయి. కనబడనివాటిని లెక్కలో కూడా రాస్తారు. 2011 నుండి 2022 వరకు సామాన్య జనము తమ ఊళ్ల నుండి నక్షత్రాలను చూసి పంపిన 51 వేలకు పైగా లెక్కలను శాస్త్రజ్ఞులు పరిశీలించారు. వాటిలో ఎక్కువ భాగము యూరపు, ఉత్తర అమెరికాల నుండి వచ్చినవి. ఆకాశపు వెలుగు ఏటా సగటున 9.6 శాతము పెరుగుతున్నదని 2023లో ప్రకటించారు. ఆ లెక్కన, పుట్టినప్పుడు 250 నక్షత్రాలు కనబడే చోట పెరిగిన బిడ్డకు 18 ఏళ్లు వచ్చేసరికి సుమారు 100 మాత్రమే మిగులుతాయి. జీతము లేని మనుషులు ఓపికగా చెప్పిన సాక్ష్యము ఇది.

మనము చేయగలిగినది పెద్ద పని కాదు. ఇంటి బయటి దీపానికి పైన ఒక మూత, కాంతి నేల మీదికే పడేటట్టు. అక్కరలేని వేళ స్విచ్చి తీసివేయటము. డిసెంబరులో మన ఇళ్ల మీద, మందిరాల మీద కట్టే నక్షత్రాలను, సీరియల్ సెట్లను ఆరాధన ముగిసి అందరూ ఇళ్లకు చేరాక ఆర్పివేయటము. ఆ నెలలోనే రాత్రి తొమ్మిది గంటలకు పిల్లలకోడి నడినెత్తికి దగ్గరగా ఉంటుంది. పిల్లలను మేడ మీదికి తీసుకువెళ్లండి. దీపాలు సూటిగా కంటబడని మూలన ఇరవై నిమిషాలు ఓపిక పట్టండి, కళ్లు చీకటికి అలవాటు పడతాయి. ఆ గుంపు మసకగానైనా కనబడితే దాని తెలుగు పేరు చెప్పండి. ఎన్ని చుక్కలు లెక్కించారో ఒక నోటు పుస్తకములో తేదీతో రాయించండి. వచ్చే సంవత్సరము మళ్లీ లెక్కించి, ఆ సంఖ్య పక్కన ఈ సంఖ్య రాయించండి.