కన్నులు చెప్పిన సాక్ష్యము

పఠింపవలసిన భాగములు: ద్వితీయోపదేశకాండము 19:15–21, యోహాను 20:11–18

1895 డిసెంబరులో లండను నగరమందలి విక్టోరియా వీధిలో ఒక స్త్రీ అడాల్ఫ్ బెక్ అను నార్వే దేశస్థుని నిలువరించి, తన నగలు అపహరించినవాడు ఇతడేయని చెప్పెను. ఆ దినములలో ఒక మోసగాడు గొప్పవంశీయునివలె నటించి, చెల్లని చెక్కులిచ్చి స్త్రీల ఆభరణములను కాజేయుచుండెను. మోసపోయిన మరికొందరు స్త్రీలును బెక్‌ను చూచి “ఇతడే” యనిరి. 1877లో అట్టి నేరమునకే శిక్షపొందినవాడును ఇతడేయని ఒక మాజీ పోలీసు చెప్పెను. ఆ కాలమున తాను పెరూ దేశములో ఉన్నట్లు బెక్ ఋజువుచేయగోరినను న్యాయాధిపతి ఆ వాదమునకు చోటియ్యలేదు. 1896లో అతనికి ఏడేండ్ల శిక్ష విధింపబడెను.

1898లో చెరసాల దాఖలాలలోని ఒక దేహచిహ్నమునుబట్టి అతడు ఆ పాత నేరస్థుడు కాడని తేలెను. అయినను విడుదల కలుగలేదు. 1901లో బయటికి వచ్చిన అతడు 1904లో మరల అట్టి సాక్ష్యమువలననే దోషిగా ఎంచబడెను. శిక్ష విధింపకమునుపే అసలు మోసగాడు పట్టుబడెను. ప్రభుత్వము బెక్‌కు 5,000 పౌండ్ల పరిహారమిచ్చెను. 1907లో ఇంగ్లండులో క్రిమినల్ అప్పీలు న్యాయస్థానము ఏర్పడుటకు ఈ వ్యాజ్యము ఒక ముఖ్యకారణమాయెను. అయితే చెరలో గడచిన ఐదేండ్లను ఎవరు తిరిగి ఇయ్యగలరు?

ఆ స్త్రీలు అబద్ధికులు కారు. వారికి కలిగిన నష్టము నిజము, వారి దుఃఖము నిజము. వారు చూపిన ముఖము మాత్రము నిజము కాదు. ఇద్దరు ముగ్గురు సాక్షులుండవలెనని ధర్మశాస్త్రము విధించుచున్నది. ఇచ్చట అంతకంటె ఎక్కువమందియే ఉండిరి. కాని పలువురు కలిసి పొరబడినంతమాత్రమున పొరపాటు సత్యము కానేరదు. అందుచేతనే న్యాయాధిపతులు శ్రద్ధగా విచారింపవలెనని మోషే ఆ వెంటనే ఆజ్ఞాపించెను. సాక్షుల లెక్క విచారణకు బదులు కాదు.

మగ్దలేనే మరియయు తన కన్నులతోనే చూచెను. ప్రభువు ఎదుట నిలిచియుండగా ఆయనను తోటమాలి యనుకొనెను. ఆమెయందు కపటము లేదు, ప్రేమకు కొదువ లేదు, అయినను పొరబడెను. ప్రభువు ఆమెను గద్దింపక పేరుపెట్టి పిలిచెను. ఆమె తన మొదటి తలంపును పట్టుకొని వాదింపలేదు, వెంటనే విడిచిపెట్టెను. అట్టి ఆమెకే పునరుత్థాన సువార్తను మోసికొనిపోవు భాగ్యము లభించెను.

ఇంటిలో నగ కనబడనప్పుడు పనిమనిషివైపు లేచు వ్రేలు, సంఘములో ఒకని పేరు చెరుపు “నా కన్నులార చూచితిని” అను మాట, ఇవియు సాక్ష్యములే. అన్యాయము పొందినవాడు మౌనముగా ఉండనక్కరలేదు. చూచినది చెప్పవలెను, చూడనిది చూడలేదని చెప్పవలెను, పొరపాటు తెలిసినప్పుడు సిగ్గుపడక దిద్దుకొనవలెను. తొమ్మిదవ ఆజ్ఞను గైకొనుట యనగా ఇదియే. కంటిచూపునుబట్టి తీర్పు తీర్చనివాడని యెషయా ప్రవచించినది ఒక్క క్రీస్తును గూర్చియే (11:3).

ప్రార్థన: సత్యవంతుడవగు ప్రభువా, తొందరపడి ఎత్తిన వ్రేలిని దించుము. నిర్దోషియై చెరలోనున్నవానిని జ్ఞాపకము చేసికొనుము. ఆమేన్.

నేటి తలంపు: నిశ్చయముగా పలికినంతమాత్రమున అది సత్యము కాదు.